డిలీట్ చేశామంటే చాలదు, చూపించండి

సంపాదకుల వారికి,

పోయిన వారం అద్దె అగ్రిమెంట్ ప్రింట్ తీయించుకుందామని ఓ ప్రింట్ షాపుకు వెళ్లాను. వాట్సాప్‌లో పంపండి అన్నారు, పంపాను. కౌంటర్‌లో అబ్బాయి నా ఫైలు కోసం డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో పైకీ కిందకీ వెతుకుతున్నాడు, స్క్రీన్ నావైపే తిరిగి ఉండటంతో చూడకూడదనుకుంటూనే చూశాను: ఎవరిదో శాలరీ స్లిప్, ఎవరివో స్కానింగ్ రిపోర్టులు, ఒక పాస్‌పోర్ట్ మొదటి పేజీ, ‘విడాకుల పిటిషన్ ఫైనల్ 2’ అని ఇంకొకటి. కొన్ని ఏడాది కిందటివి. ఎంతయిందో ఓ చిత్తు కాగితం మీద లెక్క రాసిచ్చాడు. ఇంటికొచ్చి తిప్పి చూస్తే వెనకవైపు టోనర్ తగ్గి చారలు పడ్డ రక్తపరీక్ష రిపోర్టు, పేరూ వయసూ ఫోన్ నంబరుతో సహా. ముక్కలుగా చింపి పారేశాను. నా అగ్రిమెంట్‌లో పాడైన పేజీ మీద ఎవరి లెక్క రాసిచ్చారో మరి.

ఆ అబ్బాయిని అనడానికేం లేదు. వెనక క్యూ ఉంది, ఫైలు తీసేయాలని అతనికి ఎవరూ చెప్పలేదు. మనమూ అడగం.

వాట్సాప్‌లో ‘డిలీట్ ఫర్ ఎవ్రీవన్’ కొడితే పని అయిపోయిందనే ఇన్నాళ్లూ అనుకున్నాను. అది చాట్‌లో మెసేజ్‌ని తీసేస్తుంది గానీ అప్పటికే కంప్యూటర్‌లోకి దిగిన కాపీ జోలికి పోదు. పోనీ మన వాట్సాపే అక్కడ తెరుద్దామంటే అది ఇంకా ప్రమాదం, హడావిడిలో లాగౌట్ మరిచిపోతే మన చాట్లన్నీ వాళ్ల ముందే ఉంటాయి (ఫోన్‌లో ‘లింక్డ్ డివైసెస్’ ఒకసారి చూసుకోండి, ఎప్పటిదో ఒకటి కనిపించినా ఆశ్చర్యం లేదు). ఉన్నంతలో మేలైన దారి పీడీఎఫ్‌కి పాస్‌వర్డ్ పెట్టి పంపి, ప్రింట్ తీసేటప్పుడు మన చేత్తో మనమే కొట్టడం. ఫైలు అక్కడే ఉండిపోయినా తాళం పడి ఉంటుంది.

ఇక మెషీన్ల సంగతి. చిన్న ప్రింటర్లు వేరు, పెద్ద కాపియర్లలో చాలావాటికి లోపల హార్డ్ డిస్క్ ఉంటుంది, తీసిన కాపీలు అందులో మిగిలిపోవచ్చు. 2010లో అమెరికాలో సీబీఎస్ న్యూస్ వాళ్లు సెకండ్ హ్యాండ్ కాపియర్లు కొని డిస్కులు తీసి చూస్తే పోలీసు రికార్డులు, రోగుల వివరాలు బయటపడ్డాయి. అందులో ఒక మెషీన్‌ని లీజుకు వాడి, డిస్క్‌లో ఉన్నవి తుడిచేయకుండా తిరిగిచ్చిన అఫినిటీ హెల్త్ ప్లాన్ అనే బీమా సంస్థ 2013లో 12 లక్షల డాలర్లకు పైగా కట్టుకోవాల్సి వచ్చింది. డిస్క్ తుడిచే సెట్టింగ్ ఈ మెషీన్లలో చాలావాటికి ఉంటుంది, ఆన్ చేసే దిక్కే ఉండదు.

కాబట్టి జాగ్రత్త అంతా కస్టమర్ నెత్తిన వేసి ఊరుకోకుండా, ప్రింట్ షాపులకు లైసెన్సులిచ్చేవాళ్లు ఒక నియమం పెట్టాలి. పని అవగానే ఫైలు మన కళ్ల ముందే తీసేయాలి, పాడైన కాగితాలు మన చేతికే ఇవ్వాలి. రోజుకి వందమంది వస్తే ఎవరు తీస్తారండీ అంటారా, విండోస్‌లో స్టోరేజ్ సెన్స్ అని ఉంది, డౌన్‌లోడ్స్‌లో ఒక రోజుకు మించి ఎవరూ తెరవని ఫైళ్లు వాటంతటవే పోయేలా పెట్టుకోవచ్చు. ఒక్కసారి పెడితే మళ్లీ ముట్టుకునే పని లేదు.

మర్నాడు మళ్లీ వెళ్లి నా ఫైలు తీసేయమన్నాను. వింతగా చూశాడు కానీ, షిఫ్ట్ నొక్కి పట్టుకుని డిలీట్ కొట్టి, రీసైకిల్ బిన్‌లో కూడా లేదని స్క్రీన్ తిప్పి చూపించాడు. పట్టుమని పది సెకన్లు పట్టలేదు. నా వెనకున్నావిడ “బాబూ, పోయిన నెల నేను కూడా పంపాను, ఉందేమో చూడు” అంది.

ఉంది.

– ఓ పాఠకుడు