పైపు మార్చినంక గూడ పెట్రోలు వాసన: మీరు చెప్పిందే నిజం

నమస్తే. మన నల్లగొండ షెడ్డుల అంబాసిడర్లు, పద్మినీలు, పాత జీపులు చేయించుకునే అందరికి ఈ మాట. దసరా నుంచి సంక్రాంతి దాక పదకొండు బండ్లకు పెట్రోలు పైపులు మార్చినం. అందుల ఏడుగురు ఫోన్ చేసి "వాసన పోలేదు" అన్నరు. "పాత బండి సార్, కార్పెట్‌కు పట్టిన వాసన, నాలుగు దినాలల్ల పోతది" అని అందరికి ఒక్కటే జవాబు చెప్పినం. ఆ జవాబు తప్పు. వాసన మేం వేసిన కొత్త పైపులకెల్లే వస్తున్నది.

ఈ సంగతి పట్టింది గూడ మేం గాదు, మిర్యాలగూడల ఇంకో మెకానిక్. పొడి గుడ్డతోని పైపును ఆ కొస నుంచి ఈ కొస దాక తుడిచి, మన కస్టమర్ ముక్కు దగ్గర పెట్టి "సూడున్రి" అన్నడట. గుడ్డ తడి గాలేదు, కాని పెట్రోలు కంపు కొట్టింది. ఆ పరీక్ష మాకు తెల్వంది గాదు. కొత్త పైపే గదా అని చెయ్యలేదు.

కారుడు వేరు, చెమర్చుడు వేరు. కారితే చుక్క కనబడ్తది, కింద మరక పడ్తది. చెమరిస్తే ఏం కనబడది, వాసన ఒక్కటే వస్తది. మామూలు నైట్రైల్ రబ్బరు ఒకప్పటి పెట్రోలుకు సరిపోయేది. పెట్రోలుల ఇథనాల్ (ఒక రకం ఆల్కహాల్) కలిసినంక ఆవిరి రబ్బరు గోడల నుంచే బయటికి ఎల్తది. 2022ల పదిశాతం కలుపుడు పూర్తయింది, 2023 ఫిబ్రవరి నుంచి ఈ20, అంటే ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, బంకులకు వచ్చుడు మొదలైంది, ఇప్పుడు దాదాపు అన్ని బంకులల్ల అదే. అంబాసిడర్ తయారీ 2014లనే ఆగిపాయె, పద్మిని అంతకంటే శానా ముందు. ఆ బండ్ల రబ్బర్లు, కార్క్ గాస్కెట్లు ఈ పెట్రోలును చూసి చేసినవి గావు. అందుకే లోపల ఆవిరిని ఆపే ఫ్లోరో రబ్బరు పొర ఉండే ఆర్9 అనే గ్రేడు పైపు కావాలె. పెట్రోలు పైపులకు అమెరికా ఇంజనీర్ల సంఘం పెట్టిన ఎస్ఏఈ జే30 ప్రమాణం ప్రకారం ఆర్7 అనే మామూలు రబ్బరు పైపు గోడల నుంచి రోజుకు చదరపు మీటరుకు 550 గ్రాముల దాక ఆవిరి పోవచ్చు, ఆర్9 అయితే 15 గ్రాములు దాటొద్దు. మేం ఆర్9కే పైసలు కట్టినం, మీ దగ్గర ఆర్9కే పైసలు తీసుకున్నం.

వచ్చింది ఆర్9 గాదు. పైపు మీద తెల్లటి అక్షరాలతోని ఆ ముద్ర సక్కగనే ఉన్నది. బ్లేడుతోని కోసి కొసను చూస్తే లోపల వేరే పొర ఏమీ లేదు, నడుమ దారం అల్లిక, రెండు దిక్కుల ఒకే నల్ల రబ్బరు. అది చాలదని తూకం వేసినం. 30 సెంటీమీటర్ల ముక్కల పెట్రోలు పోసి, రెండు కొసలకు ఇనుప కడ్డీ ముక్కలు దిగ్గొట్టి, క్లాంపులు బిగించి, ఎండ తగలని చోట గాలికి వేలాడదీసి, రోజూ ఒకే టైముకు 0.1 గ్రాము చూపే కాటా మీద పెట్టినం. మూడు రోజులల్ల 2.6 గ్రాములు తగ్గింది. వేరే చోట తెప్పిచ్చిన అసలు ఆర్9 ముక్క అదే మూడు రోజులల్ల 0.1 గ్రాము గూడ దాటలేదు. ఈ పరీక్ష ఇంట్ల చెయ్యకున్రి, పొయ్యి, దీపం, ఇన్వర్టర్ లేని చోటనే చెయ్యాలె.

ఇగ డీలర్ సంగతి. హైదరాబాద్ హోల్‌సేల్ ఆయన, పేరు రాయం. తూకం ఫోటోలు పంపితే "మీ కాటా తప్పు" అన్నడు. కోసిన కొస ఫోటో పంపితే "ఇప్పుడు అన్ని కంపెనీలవి గిట్లనే వస్తున్నయి" అన్నడు. బిల్లు చూపిస్తే, అండ్ల "రబ్బర్ హోస్" అని మాత్రమే ఉన్నది, ఆర్9 అని లేదు. ఫోన్ల మూడుసార్లు ఆర్9 అన్నోడు కాయితం మీద ఒక్కసారి రాయలేదు, మేం గూడ అడగలేదు. ఆ సందే ఆయనకు దొరికింది. ఆఖరికి అదే సరుకు ఇంకో కాయిల్ సగం ధరకు ఇస్త అన్నడు! మిగిలిన పైపు కొరియర్‌ల వాపసు పంపినం, పైసలు రాలేదు. మళ్ళ అడగం గూడ. ఇప్పటి నుంచి బిల్లు మీద గ్రేడు రాసిస్తేనే సరుకు దిగుతది. కాయిల్ వచ్చిన నాడే రెండు చివరలు కోసి చూస్తం, ఒక ముక్క మూడు రోజులు తూకానికి వేలాడుతది, అప్పటిదాక బండికి ఎక్కదు.

ఏం చెయ్యాల్నన్న దాని మీద వారం రోజులు కొట్టుకున్నం. ఫోన్ చేసిన ఏడుగురికే మార్చాల్నా, పదకొండు మందినీ పిలవాల్నా? మిగిలిన నలుగురు మాట్లాడలేదు, వాళ్ళ బండ్లు బయట చెట్టు కింద ఉంటయి కాబట్టి వాసన తెలుస్తలేదు. పైపైతే అదే. చెప్పకుంటే ఎవరికీ తెల్వదు, చెప్తే షెడ్డు పేరు పోతది. దాని కంటే పెద్ద కొట్లాట పని గురించి: అట్లనే ఇంకో రబ్బరు పైపు వేస్తే ఒక్క దినంల మూడు బండ్లు అయితయి. మేం అట్ల చేస్తలేం. నాలుగు బండ్లకు పాత ఇనుప లైను తుప్పుపట్టిందని ఎప్పుడో ఎవరో ట్యాంకు నుంచి ఇంజను దాక మొత్తం రబ్బరే వేసిన్రు, మేం గూడ దాని జాగల కొత్త రబ్బరే వేసినం. రబ్బరు ఎంత పొడుగుంటే ఆవిరి అంత ఎక్కువ. అందుకని బండి కింద మొత్తం 8 మిల్లీమీటర్ల స్టీలు లైను వేసి, ట్యాంకు దగ్గర ఒక జానెడు, పంపు దగ్గర ఒక జానెడు మాత్రమే రబ్బరు ఉంచుతం. పూర్తిగ ఇనుము కుదరదు, ఇంజను మౌంట్ల మీద ఊగుతది, లైను పగుల్తది. ఈ నాలుగు బండ్లకు రెండేసి దినాలు పడ్తది. పదకొండు బండ్లకు గూడ పైపు, క్లాంపులు, కూలి అన్నీ మా మీదనే.

క్లాంపుల దగ్గర గూడ మా తప్పున్నది. గాట్లున్న మామూలు స్క్రూ క్లిప్పులు వేసినం, అవి రబ్బరును కోస్తయి. ఇప్పుడు అంచులు మడిచి లోపల నున్నగ ఉండే ఇంజెక్షన్ టైపు క్లాంపులు. పైపు స్టీలు లైను మీద 25 మిల్లీమీటర్లు ఎక్కాలె, క్లాంపు లైను కొసకున్న ఉబ్బుకు ఆనుకోకుండ దాని వెనకాల కూసోవాలె, రబ్బరు క్లాంపు పక్కన జర ఉబ్బినంక బిగించుడు ఆపాలె. స్టీలు లైనును హాక్సా బ్లేడుతోని కోసి అంచు నున్నగ చెయ్యకుంటే ఆ ముల్లు లోపలి పొరను గీకుతది. అప్పుడు పెట్రోలు దారం అల్లికల పాకి జానెడు దూరంల బయటపడ్తది, మనం జాయింటు ఒకచోట ఉంటే మరక ఇంకోచోట వెతుకుతం.

అన్ని వాసనలు పైపువే గావు. ఇప్పటిదాక తిరిగి వచ్చిన ఆరు బండ్లల్ల ఒక పద్మినీకి పెట్రోలు పంపు లోపలి పల్చటి పొర (డయాఫ్రం) చిల్లి పడి పెట్రోలు ఇంజను కింది ఆయిల్ సంపులకు దిగుతున్నది. డిప్‌స్టిక్ గుంజి వాసన చూడున్రి, ఆయిల్ లెవెల్ తగ్గాల్సింది పోయి పెరిగితే అదే. ఆ బండిని నడపకున్రి, పల్చబడ్డ ఆయిల్ బేరింగులను తింటది. ఒక అంబాసిడర్‌ల కార్బొరేటర్ ఫ్లోటు ఇత్తడిది, చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల పెట్రోలు చప్పుడు. మునిగిన ఫ్లోటు పెట్రోలును ఆపే నీడిల్‌ను మూయది, కార్బొరేటర్ గిన్నె (బౌల్) పొంగి పొర్లుతది.

వాసన ఏ టైముకు వస్తదో రాసి పెట్టుకుంటే మాకు సగం పని తప్పుతది. ఫుల్ ట్యాంకు కొట్టిచ్చినంక మలుపులల్ల వస్తే మూత వాషరో, ఫిల్లర్ గొట్టం రబ్బరో, ట్యాంకు మీద పెట్రోలు ఎంతుందో చూపే గేజీ యూనిట్ గాస్కెటో. పొద్దున షట్టర్ ఎత్తంగనే వస్తే పైపు చెమటో, ట్యాంకు అతుకో. ఎండల నడిపి ఆపిన పది నిమిషాలకు వస్తే ఇంజను సెగకు బౌల్‌ల పెట్రోలు మరుగుతున్నట్టు. మన దగ్గర మే నెల 44 డిగ్రీలల్ల అది కొంత మామూలే, కార్బొరేటర్ కింది మందపాటి ఇన్సులేటర్ వాషర్ తీసేసి ఉంటే మాత్రం మామూలు గాదు. ట్యాంకు మూత బజార్ల దొరికింది పెట్టుకున్నోళ్ళు దానికి గాలి రంధ్రం ఉన్నదా చూసుకోన్రి. లేకుంటే ఎండకు ట్యాంకుల ఒత్తిడి పెరిగి నీడిల్‌ను తోసుకొని పెట్రోలు పోతది. అనుమానమున్న జాయింటు మీద ముఖానికి పూసే పౌడరు చల్లి తెల్లారి చూడున్రి, చిన్న చెమ్మ గూడ మరకై కనబడ్తది.

మీ వంతు వచ్చేదాక ట్యాంకు సగానికి మించి కొట్టియ్యకున్రి. మెట్ల కింద బండి, దాని పక్కకే ఇన్వర్టర్ ఉన్న ఇండ్లు మనకు శానా ఉన్నయి. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, నేల మీదనే పరుచుకుంటది, ఆ బండ్లను వాకిట్లకు తియ్యాలె. వెతికేటప్పుడు ఎల్ఈడీ టార్చ్ మాత్రమే, బండి కిందికి పోయే ముందు బ్యాటరీ ఎర్త్ వైరు విప్పాలె. చుక్క కారుతున్నదంటే స్టార్ట్ చెయ్యకున్రి, ఫోన్ చేయున్రి, జిల్లాల ఎక్కడున్నా మేమే వస్తం.

సోమవారం నుంచి గురువారం దాక పైపు పని ఒక్కటే, పొద్దున తొమ్మిదికి రెండు బండ్లు. మాట్లాడని ఆ నలుగురికి మేమే ఫోన్ చేస్తున్నం. పైపు వేసేటప్పుడు దగ్గరుండున్రి, కోసిన కొస ముందు మీ చేతికిస్తం, లోపలి పొర మీరు చూసినంకనే బిగిస్తం.