వీడియో ఇంట్లో, ప్రయోగం బడిలో: తల్లిదండ్రులకు ఉత్తరం

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన శనివారం పేరెంట్స్ మీటింగులో మా బడికి ఇంటర్న్‌షిప్‌కు వచ్చిన బీఎడ్ ఛాత్రోపాధ్యాయురాలు (టీచర్ శిక్షణలో ఉన్న అమ్మాయి) ఆన్‌లైన్ చదువు గురించి, అంటే వివరణ ఇంట్లో వీడియోలో చూసి ప్రయోగం బడిలో చేయడం గురించి, కాసేపు మాట్లాడింది. దాని మీద పదో తరగతి వాట్సాప్ గ్రూపులో ఇంకా చర్చ నడుస్తోందని తెలిసింది. ఆ గ్రూపులో నేను లేను కానీ, అడక్కుండానే స్క్రీన్‌షాట్లు పంపే దయగలవాళ్లు మీలో చాలామంది ఉన్నారు. "పాఠం ఫోన్లో చూసుకోమంటే ఇక ఫీజు దేనికి?" "మేం ఫోన్ లాక్కుంటుంటే బడివాళ్లే చేతికిస్తున్నారు." "ఇంకా చదువు పూర్తి కాని పిల్ల మనకు చెప్పేదేంటి?"

మూడోదానికి ముందు జవాబు చెప్తాను. రెండేళ్ల బీఎడ్‌లో మొత్తం 20 వారాలు బడిలో పనిచేయాలన్నది నిబంధన. మనకెంతో ఇష్టమైన సీనియర్ టీచర్లు కూడా ఒకప్పుడు ఇలా ఎవరి బడికో వెళ్లి, ఎవరి పిల్లల ముందో తడబడి నేర్చుకున్నవాళ్లే. పైగా ఆన్‌లైన్ చదువు ఎలా ఉంటుందో విద్యార్థిగా అనుభవించి మాట్లాడగలిగింది ఆ గదిలో ఆ అమ్మాయి ఒక్కతే. 2021లో ఆమె ఇంటర్ రెండో సంవత్సరం. ఆ ఏడాది మన తెలంగాణలో ఆ రెండో సంవత్సరం పరీక్షలు రద్దయ్యాయి, ప్రాక్టికల్స్‌కు అందరికీ పూర్తి మార్కులు వేశారు. "నాకు ఫిజిక్స్ ప్రాక్టికల్స్‌లో నిండా మార్కులున్నాయి. కరెంటు కొలిచే అమ్మీటర్‌ను చేత్తో పట్టుకున్నది మాత్రం డిగ్రీలోనే" అని ఆమె చెప్పినప్పుడు మీలో కొందరు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఆమె వాదన ఇది. కరోనా కాలంలో మనం చూసింది ఆపద్ధర్మం. 2020 సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ చానళ్లలో మూడు నుంచి పదో తరగతి దాకా పాఠాలు వచ్చాయి. లేనిదానికన్నా అది నయమే. అయితే టీవీకి పిల్లవాడి మొహం కనిపించదు, అర్థంకాక వాడు దిక్కులు చూస్తున్నా పాఠం సాగిపోతుంది. ఆ అనుభవంతో ఆన్‌లైన్‌ను మొత్తానికే తోసెయ్యకూడదని, ఏ పని దేనికి అప్పగించాలో టీచరే తేల్చాలని ఆమె అంటుంది. వివరణను వీడియోకు వదిలి, దొరికిన పీరియడ్ అంతా చేతులతో చేయడానికీ, ప్రశ్నలకూ వాడాలట. ఇదేమీ నిన్నటి వింత కాదు. 2007లో అమెరికాలోని కొలరాడోలో ఇద్దరు కెమిస్ట్రీ టీచర్లు, క్లాసు తప్పిపోయిన పిల్లల కోసం పాఠాలు రికార్డు చేయబోయి ఈ పద్ధతికి వచ్చారు. మన పాఠ్యపుస్తకాల్లో దీక్షా (ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల వేదిక) క్యూఆర్ కోడ్‌లు కూడా ఏళ్లుగా ఉన్నాయి. ఎవరింట్లోనైనా వాటిని స్కాన్ చేశారా అని అడగను, జవాబు తెలుసు కాబట్టి.

ఇక ఆమె ఈ పద్ధతిలో చెప్పిన క్లాసులో ఏం జరిగిందో చెప్పాలి. భౌతికశాస్త్రం నా సబ్జెక్టు, అందుకే వెనక బెంచీలో కూర్చున్నాను. ముందురోజు రాత్రి ఓమ్ నియమం (వోల్టేజీ ఎంత పెరిగితే కరెంటూ అదే నిష్పత్తిలో పెరుగుతుందన్నది) మీద చిన్న వీడియో, మర్నాడు ల్యాబ్‌లో వరసగా రెండు పీరియడ్లు. బ్యాటరీలు, అమ్మీటర్, వోల్ట్ మీటర్, పది సెంటీమీటర్ల ఇనుప సైకిల్ చువ్వ. వీడియోలో గ్రాఫ్ తిన్నటి గీతగా వచ్చింది. మా పిల్లలది రాలేదు. వీడియో అబద్ధమా, మనం తప్పా అని గొడవ మొదలైంది. 'బి' సెక్షన్ అమ్మాయి ఒకతె చువ్వను ముట్టుకుని, "మేడం, ఇది వేడెక్కింది" అంది. ఉష్ణోగ్రత మారకపోతేనే ఓమ్ నియమం వర్తిస్తుందన్న వాక్యం పుస్తకంలో ఉంది, వీడియోలోనూ ఉంది. అందరూ చూశారు, ఎవరూ పట్టించుకోలేదు. రీడింగ్ తీసుకోగానే కీ తీసి కరెంటు ఆపేయాలని ఆ అమ్మాయే పక్క గ్రూపులకు చెప్పింది. ఇంకో మూలన ఇద్దరు అబ్బాయిలు చువ్వ బదులు ఎల్ఈడీ పెట్టారు, వెలగలేదు. తిప్పి పెట్టారు, వెలిగింది. వోల్టేజీని కరెంటుతో భాగిస్తే ప్రతిసారీ వేరే అంకె వస్తోందని కంగారుపడి లెక్క మూడుసార్లు చేశారు. ఎల్ఈడీ ఓమ్ నియమాన్ని పాటించదని మేం చెప్పకముందే వాళ్ల నోట్‌బుక్కులో ఉంది! ఇన్నేళ్లుగా ఈ పాఠం చెప్తున్నాను, ఇలాంటి క్లాసులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ల్యాబ్‌కు తాళం వేసి, రికార్డులు గైడ్లలోంచి ఎక్కించే బడులున్న కాలమిది. మన ల్యాబ్ తలుపు తీసి ఉండటానికి ఒక వీడియో సాయపడుతుందంటే ఆ వీడియోకు నా పూర్తి మద్దతు. ఫీజు దేనికన్న ప్రశ్నకు జవాబు ఆ రెండు పీరియడ్లే.

అన్నిటికీ ఆమెతో ఒప్పుకున్నాననుకోకండి. ఆన్‌లైన్ క్విజ్‌కు మార్కులు వేద్దామంది, వద్దన్నాను. ఎందుకంటే మొన్నటి క్విజ్‌లో కొన్ని నిండు మార్కులు రాత్రి పదకొండు దాటాక వచ్చాయి. అంత రాత్రి ఓమ్ నియమం మీద ఇంత శ్రద్ధ చూపించిన నాన్నగార్లకు ధన్యవాదాలు. మీకు మెమో ఇచ్చే వీలు మాకు లేదు.

ఫోన్ సంగతి. మేం పంపేది పది నిమిషాలు మించదు. తర్వాతి రెండు గంటల రీల్స్ మా సిలబస్‌లో లేవు. మీరంతా పనుల ఒత్తిడిలో ఉంటారని తెలుసు. అయినా అన్నం తినిపించడానికి ఫోన్, ఏడుపు మాన్పించడానికి ఫోన్ ఇచ్చి, పదో తరగతికొచ్చాక బడి వల్ల పాడయ్యాడంటే కాస్త బాధగా ఉంటుంది. వీడియో చూసేటప్పుడు పక్కన కూర్చుంటే చాలు. మీకు అర్థం కాకపోయినా ఫర్వాలేదు, "ఇదేంటి?" అని పిల్లల్నే అడగండి.

ఇంట్లో ఫోన్ ఉన్నంత మాత్రాన అది పిల్లల చేతికి అందుతుందని కాదు. ఒక పిల్లవాడి ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్ ఆటోతో పాటు తిరిగి రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరుతుంది. ఇది కనిపెట్టింది కూడా ఆ బీఎడ్ అమ్మాయే. అందుకే సోమవారం నుంచి సాయంత్రం బడి వదిలాక అరగంట కంప్యూటర్ గది తెరిచి ఉంటుంది. ఎవరైనా రావచ్చు, కారణం అడగం.

మిగతావి: ఎస్ఏ-1 పరీక్షలు దసరా సెలవుల తర్వాత, టైంటేబుల్ డైరీలో అంటించాం, బతుకమ్మకు పూలు ముందురోజు వద్దు, వాడిపోతాయి, రెండో టర్మ్ ఫీజు ఆఫీసులో కట్టండి, పిల్లల బ్యాగుల్లో డబ్బు పంపొద్దు.

వచ్చే వారం 'ఎ' సెక్షన్‌కు ఇదే ప్రయోగం. చువ్వలు తక్కువ పడ్డాయి. పాత సైకిల్ ఉన్నవాళ్లు తుప్పు పట్టనివి రెండు మూడు పంపితే సంతోషం.

మీ
ప్రధానోపాధ్యాయురాలు