మూడు సూచికలు, ఒకే సాక్ష్యం

సంపాదక మహాశయులకు నమస్కారం.

“ఆర్‌ఎస్‌ఐ, స్టోకాస్టిక్, ఎంఏసీడీ మూడూ కొనమంటున్నాయి” అని షేర్ల కొనుగోలు గురించి చెప్పే మాట ఈమధ్య మా అనంతపురంలో డిగ్రీ చదివే పిల్లల నోట కూడా వినిపిస్తోంది. షేర్ల ధరలను గీతలుగా చూపే చార్టింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఈ సూచికలను కలిపి రాసిన స్క్రిప్టులను, అంటే కొనే సమయాన్ని సూచించే చిన్న ప్రోగ్రాములను, వారు వేలకు వేలు పోసి కొంటున్నారు. ఆ కలపడంలో ఉన్న పొరపాట్లను విశ్రాంత గణిత అధ్యాపకుడిగా మీ పాఠకుల దృష్టికి తేవడం నా బాధ్యతగా భావిస్తున్నాను.

ఆర్‌ఎస్‌ఐ సాధారణంగా 14 రోజుల సగటు పెరుగుదలను సగటు తగ్గుదలతో పోల్చుతుంది. స్టోకాస్టిక్ నేటి ముగింపు ధర ఇటీవలి గరిష్ఠ, కనిష్ఠాల మధ్య ఎక్కడుందో చూపుతుంది. ఎంఏసీడీ 12, 26 రోజుల చలన సగటుల (రోజురోజుకూ ముందుకు జరుగుతూ వేసే ధరల సగటుల) మధ్య తేడా. మూడూ పుట్టేది ధరలోంచే. మండలంలోని ఒకే వర్షమాపకాన్ని ముగ్గురు చూసి వచ్చి వాన పడిందని చెబితే మూడు వానలు పడినట్టు కాదని వేరుశనగ వేసే మన రైతుకు ఎవరూ నేర్పనక్కరలేదు. రెండో సాక్ష్యం కావాలనుకుంటే ధరలోంచి పుట్టని లావాదేవీల పరిమాణం వంటిదాన్ని చేర్చాలి.

మా తమ్ముడి కొడుకు కొన్న స్క్రిప్టును వరుసవారీగా చదివాను. ఎంఏసీడీ తన సిగ్నల్ గీతను (తన సొంత చలన సగటును) పైకి దాటడం, సున్నా నుంచి వంద వరకు ఉండే ఆర్‌ఎస్‌ఐ 30ని పైకి దాటడం రెండింటినీ, రెండూ ఒకేసారి నిజం కావాలనే ‘అండ్’తో కలిపారు. దాటడమన్నది ఆ ఒక్క రోజు మాత్రమే నిజమయ్యే షరతు కాబట్టి, ఒకటి సోమవారం, మరొకటి బుధవారం జరిగితే స్క్రిప్టు నోరు విప్పదు. ఒకదాన్ని సంఘటనగా, రెండోదాన్ని ‘గత అయిదు రోజుల్లో జరిగిందా’ అనే స్థితిగా రాసి ఉంటే సరిపోయేది. అమీబ్రోకర్ అనే చార్టింగ్ సాఫ్ట్‌వేర్‌లో అందుకు ‘బార్స్‌సిన్స్’ అనే ఫంక్షన్ ఉంది. అమ్మినవారు అలా చేయక, చార్టు మీద కొనుగోలును సూచించే బాణాలు తక్కువగా వస్తున్నాయని, ధర మలుపులను గుర్తించే ‘జిగ్‌జాగ్’ను జోడించారు. ధర నిర్ణీత శాతం వెనక్కి తిరిగిన తరువాతే అది పాత శిఖరాన్ని లేదా లోయను గుర్తిస్తుంది, గుర్తును మాత్రం వెనక్కి వెళ్లి ఆ మలుపు మీదే పెడుతుంది. పాత చార్టులో ప్రతి బాణమూ గురి తప్పనట్టు కనిపించడానికి కారణం అదే. సంకేతం ఖాయమైన మరుసటి రోజు ప్రారంభ ధరకు కొన్నట్టు మార్చి మేమిద్దరం మళ్లీ లెక్క వేస్తే లాభమంతా కరిగిపోయింది. ఆ కుర్రవాడి ముఖం చూడలేకపోయాను.

2021-22 నుంచి 2023-24 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో (ముందు తేదీ ధరల మీద కుదుర్చుకునే ఒప్పందాల్లో) దిగిన వ్యక్తిగత మదుపరుల్లో 93 శాతం మంది నష్టపోయారని షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో వెల్లడించింది. స్క్రిప్టుల వల్లే ఇదంతా జరిగిందని నేను అనడం లేదు. కానీ స్క్రిప్టులు రాసే ఈ ప్రోగ్రామింగ్ భాషల వివరణ పుస్తకాలు చాలావరకు ఆంగ్లంలోనే ఉన్నందున, కొన్నదాన్ని పరీక్షించుకునే దారి మన పిల్లలకు తెలియడం లేదు. మీ వాణిజ్య పుటలో వారానికొక సూచిక చొప్పున దాని సూత్రాన్ని, దేనితో కలపవచ్చో, దేనితో కలపకూడదో ఉదాహరణ లెక్కతో సహా తెలుగులో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత గణిత అధ్యాపకుడు,
అనంతపురం