ఎర్రమట్టి దిబ్బలకు గుర్తింపు బోర్డే కాపలానా?

సంపాదకులకు నమస్కారం.

భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ అంటే గనులు వెతికేవాళ్లనే చాలామందికి తెలుసు. 1851లో అది పుట్టింది రైళ్లకు బొగ్గు కోసమే మరి. ఇల్లెందు ప్రాంతంలో 1871లో బొగ్గును గుర్తించిన డాక్టర్ విలియం కింగ్ ఆ సంస్థ మనిషే. తిరుమల శిలాతోరణాన్నీ, మంగంపేట ముగ్గురాయినీ, మా విశాఖ–భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలనూ భూవైజ్ఞానిక వారసత్వ స్థలాలుగా, అంటే భూమి చరిత్ర చెప్పే, కాపాడుకోవాల్సిన చోట్లుగా గుర్తించిందీ ఆ సంస్థే.

ఈ దిబ్బలు ఉత్త మట్టి కాదు. వేల ఏళ్ల కిందట సముద్రం వెనక్కి తగ్గినప్పుడు గాలి మోసుకొచ్చిన ఇసుక, అందులోని ఇనుము తుప్పు పట్టి ఎర్రబడింది. వాన నీరు దాన్ని గెడ్డలుగా, అంటే లోతైన వాగులుగా కోసింది. పొక్లెయిన్ ఒక్క పూట తవ్వితే అదంతా మళ్లీ రాదు. (సినిమా షూటింగులకు మాత్రం అందరికీ ఈ చోటు గుర్తుంటుంది!)

గుర్తించడం సర్వేక్షణ సంస్థ పని. కంచె వేసి కాపాడాల్సిన బాధ్యత ఆ సంస్థతో పాటు రాష్ట్ర ప్రభుత్వానిది కూడా. భూవారసత్వ స్థలాల రక్షణకు కేంద్ర గనుల శాఖ 2022లో ముసాయిదా బిల్లు తెచ్చింది. దాన్ని చట్టం చేయాలని మన ఎంపీలు పార్లమెంటులో గట్టిగా అడగాలి. ఈలోగా దిబ్బల హద్దులు సర్వే చేసి రాళ్లు పాతించాలని జిల్లా యంత్రాంగాన్ని కోరుతున్నాను.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, భీమునిపట్నం