రమణకు ఉత్తరం: బాస్కెట్‌బాల్ వదలని జాకీ

ఏరా రమణా,

మీ చిన్నదాన్ని బాస్కెట్‌బాల్ మానేసి లాంగ్ జంప్ ఒక్కటే పట్టుకోమంటున్నారని రాశావు. రెండు పడవల మీద కాళ్లు పెట్టకూడదని ఎవరో నీ చెవిలో ఊదే ఉంటారు. నా మాట చెప్పే ముందు అమెరికా అథ్లెట్ జాకీ జాయ్‌నర్ సంగతి చెప్పాలి. నువ్వు అడిగినదానికి ఆమె కాలేజీ రోజులకు మించిన జవాబు నాకు తెలీదు. కాస్త పొడుగ్గానే ఉంటుంది, తీరిగ్గా చదువు.

జాకీ 1962లో అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఈస్ట్ సెయింట్ లూయిస్‌లో పుట్టింది. బీదవాళ్ల ఊరు. హైస్కూల్లో వాలీబాల్, బాస్కెట్‌బాల్, అథ్లెటిక్స్ మూడూ ఆడింది. పద్నాలుగేళ్లకే జాతీయ జూనియర్ పెంటాథ్లాన్ (ఐదు ఈవెంట్లు కలిసిన పోటీ) గెలిచి, అలా వరసగా నాలుగేళ్లు గెలుస్తూ వచ్చింది. అయినా 1980లో లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏ విశ్వవిద్యాలయానికి వెళ్లింది మాత్రం బాస్కెట్‌బాల్ స్కాలర్‌షిప్ మీద. ఆడపిల్లలకు ఆ స్కాలర్‌షిప్పులు దొరకడానికి చదువుల్లో ఆడా మగా వివక్ష కూడదని 1972లో వచ్చిన టైటిల్ నైన్ చట్టమే దారి వేసింది. ఆమె ఇంకో పదేళ్ల ముందే పుట్టి ఉంటే ఇంత ప్రతిభా ఊళ్లోనే ఉండిపోయేది.

కాలేజీలో చేరిన మొదటి ఏడాదే, 1981లో, మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) జబ్బుతో వాళ్లమ్మ పోయింది. ఆ దుఃఖంలో ఉన్న పిల్లను పట్టించుకున్నవాడు అప్పుడు అసిస్టెంట్ కోచ్‌గా ఉన్న బాబ్ కెర్సీ. లాంగ్ జంప్ ఒక్కటే అనుకుంటున్న పిల్లను ఏడు ఈవెంట్లు కలిసిన హెప్టాథ్లాన్ వైపు తిప్పింది ఆయనే. ఆమె శిక్షణ ఒకే చేతిలో ఉండాలని కాలేజీ పెద్దల దగ్గర పట్టుబట్టి మరీ తన మీద వేసుకున్నాడు. 1986లో ఆమెను పెళ్లి చేసుకున్నాడు, అది వేరే కథ. ఒక్క చేతిలో ఉండాలన్న ఆ పట్టుదల గుర్తుపెట్టుకో, మళ్లీ ఆ మాటకు వస్తాను.

ఇప్పుడు క్యాలెండర్ చూడు. అక్కడ కాలేజీ బాస్కెట్‌బాల్ నవంబరులో మొదలై మార్చి దాకా సాగుతుంది. బయటి ట్రాక్ పోటీలు మార్చి నుంచి జూన్ దాకా. చూడ్డానికి ఒకటయ్యాక ఒకటి, చిక్కేముంది అనిపిస్తుంది. చిక్కంతా మార్చిలోనే. బాస్కెట్‌బాల్‌లో అడుగులు పొట్టివి. పరుగెత్తడం, ఆగడం, తిరగడం, మళ్లీ పరుగెత్తడం. కోర్టు పొడవే 28 మీటర్లు, పూర్తి వేగం అందుకునేలోపే ఆగాలి. తొడ వెనక ఉండే హ్యామ్‌స్ట్రింగ్ కండరం పూర్తిగా సాగేది పూర్తి వేగంతో పరుగెత్తినప్పుడే. నాలుగు నెలలు అలా సాగని కండరంతో తిన్నగా వచ్చి హర్డిల్స్ మీద పడితే పట్టేస్తుంది, లేదా చిరుగుతుంది. అందుకని మధ్యలో రెండు మూడు వారాలు వేగాన్ని మెట్లు మెట్లుగా పెంచాలి. ముందు సగం వేగం పైచిలుకు, తర్వాత ముప్పావు, ఆఖరున పూర్తి. పోటీ దగ్గర పడిందని జనం ఎగ్గొట్టేది సరిగ్గా ఈ వారాలనే.

లాభం కూడా చెప్పాలి కదా. లేఅప్‌కి, అంటే పరుగెత్తుతూ వెళ్లి బుట్ట దగ్గర గెంతి బంతి వేయడానికి, వెళ్లేటప్పుడు ఆఖరి రెండు అడుగులు గమనించు. చివరిదానికి ముందు అడుగు కాస్త పొడుగ్గా పడి నడుము దిగుతుంది, చివరి అడుగు పొట్టిగా చురుగ్గా పడి ఒంటికాలి మీద పైకి లేస్తుంది. లాంగ్ జంప్ టేకాఫ్ కూడా అచ్చం ఆ లయే. అది బాస్కెట్‌బాల్‌లో వందలసార్లు విసుగు లేకుండా అలవాటవుతుంది. మోకాలి చిప్ప కింది స్నాయువు (టెండన్) మీద భారం పడేదీ ఆ గెంతులతోనే. కాబట్టి రెండు ఆటల గెంతులూ ఒకే లెక్కలో వేయాలి. ఉదయం జంప్స్, సాయంత్రం రీబౌండ్లు (బుట్టలో పడక తిరిగొచ్చిన బంతిని గెంతి పట్టడం) అని ఇద్దరు కోచ్‌లు ఎవరి లెక్క వాళ్లు వేసుకుంటే మోకాలు రెండింటినీ కలిపే మోస్తుంది. కెర్సీ పట్టుబట్టింది ఎందుకో ఇప్పుడు అర్థమైందా?

జాకీ 1982, 83లో ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడల సంస్థ) హెప్టాథ్లాన్ గెలిచింది. ఆ తర్వాత 1983-84 బాస్కెట్‌బాల్ సీజన్‌ను పక్కన పెట్టింది. అక్కడ దాన్ని రెడ్‌షర్ట్ అంటారు. అప్పట్లో ఐదేళ్లలో నాలుగు సీజన్లు ఆడుకోవచ్చు, ఒక ఏడాది కూర్చుంటే ఆ సీజన్ పోయేది కాదు. ఒలింపిక్స్ అయ్యాక తిరిగొచ్చి 1984-85 ఆడి, మొత్తం 1,167 పాయింట్లతో ముగించింది. నన్నడిగితే ఆమె కెరీర్‌ని నిలబెట్టిన నిర్ణయం ఇదే. ఆట మానలేదు, ఒక్క ఏడాది వాయిదా వేసింది.

1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్ గురించి వివరంగా చెప్పకుండా ఉండలేను. హెప్టాథ్లాన్ అంటే రెండు రోజులు. మొదటి రోజు 100 మీటర్ల హర్డిల్స్, హై జంప్, షాట్‌పుట్, 200 మీటర్లు. రెండో రోజు లాంగ్ జంప్, జావెలిన్, 800 మీటర్లు. ప్రతి ఈవెంట్ ఫలితాన్నీ ఒక పట్టిక ప్రకారం పాయింట్లుగా మార్చి కలుపుతారు. మామూలు లాంగ్ జంప్ ఫైనల్లో ముందుకెళ్లినవాళ్లకు ఆరు అవకాశాలుంటాయి, ఇక్కడ మూడే. జాకీ తొడకి కట్టుతో దిగింది. మొదటి రెండూ ఫౌల్, అంటే కాలు బోర్డు దాటింది. మూడోది కూడా ఫౌల్ అయితే సున్నా, రెండు రోజుల కష్టం బూడిదలో పోసిన పన్నీరు. అలాంటప్పుడు ఎవరైనా బోర్డుకు వెనక నుంచే జాగ్రత్తగా లేస్తారు. 6.11 మీటర్లు పడింది. ఆస్ట్రేలియా అమ్మాయి గ్లినిస్ నన్ 6.66 దూకింది. ఇవాళ్టి పట్టికలో ఆ 55 సెంటీమీటర్ల విలువ 170 పాయింట్ల పైచిలుకు. చివరికి 800లో జాకీ అన్న ఆల్ లోపలి గడ్డి మీద పక్కనే పరుగెత్తుతూ అరుస్తున్నాడు. అయినా నన్ 6,390, జాకీ 6,385. ఐదు పాయింట్లు. 800లో సెకనులో మూడో వంతు! ఆ రోజే ఆల్ ట్రిపుల్ జంప్‌లో బంగారం గెలిచాడు.

చాలామంది ఆ 800 పరుగునే తలుచుకుని బాధపడతారు. బంగారం పోయింది లాంగ్ జంప్ రన్నప్‌లో అని నా నమ్మకం. తొడ నొప్పిగా ఉంటే అడుగు పొడవు మారుతుంది, అడుగు మారితే గుర్తు తప్పుతుంది. బోర్డు వెడల్పు 20 సెంటీమీటర్లే.

1986లో మాస్కోలో 7,148 కొట్టి ఏడు వేలు దాటిన మొదటి మహిళ అయింది. ఆ తర్వాత 1988 సియోల్ ఒలింపిక్స్. 1984 అంకెలనూ 1988 అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడు. హర్డిల్స్ 13.63 నుంచి 12.69. హై జంప్ 1.80 నుంచి 1.86. షాట్‌పుట్ 14.39 నుంచి 15.80. 200 మీటర్లు 24.05 నుంచి 22.56. లాంగ్ జంప్ 6.11 నుంచి 7.27. జావెలిన్ మాత్రం 44.52 నుంచి 45.66కే. 800 రెండు నిమిషాల 13.03 నుంచి రెండు నిమిషాల 8.51. మొత్తం 7,291. ఇప్పటికీ ప్రపంచ రికార్డు అదే. లాంగ్ జంప్ ఒక్కదానికే 1,264 పాయింట్లు, జావెలిన్‌కి 776. జావెలిన్‌లో ఒక మీటరు పెరిగితే దక్కేది ఇరవై పాయింట్లలోపే. హర్డిల్స్‌లో పదో వంతు సెకను తగ్గితే పదిహేను. వేగం మీద పెట్టిన కష్టం హర్డిల్స్, 200, లాంగ్ జంప్ మూడింటికీ పనికొస్తుంది, విసుర్ల కష్టం దానికదే. లాంగ్ జంప్ విడి పోటీలోనూ 7.40తో బంగారం.

ఇదంతా కాలేజీలో బయటపడిన ఆస్తమాతో వేగుతూనే సాధించింది. హ్యామ్‌స్ట్రింగ్ చివరిదాకా వదల్లేదు. 1991 టోక్యో ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో హెప్టాథ్లాన్ మధ్యలో, 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో మొదటి ఈవెంట్ హర్డిల్స్ అవ్వగానే తప్పుకోవాల్సి వచ్చింది. అట్లాంటాలో అదే కాలితో లాంగ్ జంప్‌కి వచ్చి ఆఖరి ప్రయత్నంలో సరిగ్గా 7 మీటర్లు దూకి కాంస్యం తీసుకుంది. ఆ ఏడాదే రిచ్‌మండ్ రేజ్ అనే జట్టులో ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ కూడా ఆడింది. ముప్పై నాలుగేళ్ల వయసులో! ఆట మీద ప్రేమంటే అది.

మన వైపు చూస్తే తెలంగాణ హెప్టాథ్లాన్ అమ్మాయి అగసర నందిని ఉంది. 2023 హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్‌లో 5,712తో కాంస్యం, 2025లో గుమిలో జరిగిన ఆసియా ఛాంపియన్‌షిప్‌లో 5,941తో బంగారం. ఒక్కదానికే కట్టేసుకోని పిల్లలకు మన దగ్గర దారి లేదని ఇక ఎవరూ అనలేరు.

అందుకే మానిపించకు. ముందు ఇద్దరు కోచ్‌లనీ ఒకచోట కూర్చోబెట్టి, వారానికి మొత్తం ఎన్ని గెంతులో ఒకే కాగితం మీద రాయించు. బాస్కెట్‌బాల్ ఆఖరి మ్యాచ్‌కీ మొదటి ట్రాక్ మీట్‌కీ మధ్య ఎన్ని రోజులున్నాయో లెక్కపెట్టు. మూడు వారాల కన్నా తక్కువుంటే ఆ మొదటి మీట్ వదిలేయమను. మోకాలి చిప్ప కింద నొక్కితే నొప్పి అంటే ఆ వారం గెంతులు బంద్.

ఈసారి రాసేటప్పుడు దాని రన్నప్ ఎన్ని అడుగులో, ఏ కాలి మీద లేస్తుందో రాయి. లేఅప్‌కి కూడా అదే కాలా, వేరే కాలా అన్నది దాన్నే అడిగి కనుక్కో.

నీ
శ్రీను