బస్సు అందని బస్తీల పటాలు సరిగ్గా గీయాలంటే

సంపాదకులకు నమస్కారం.

బస్సు అందని బస్తీలను చూపే పటాలను ఇప్పుడు చాలామంది ఉచిత సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో సొంతంగా గీస్తున్నారు. ఎంతో అవసరమైన పని. కానీ కొన్ని చోట్ల లెక్క తప్పుతోంది.

బస్సు స్టాపులు, వేళల వివరాలుండే జీటీఎఫ్ఎస్ డేటా అంటే జిప్‌లో ఉండే మామూలు టెక్స్ట్ ఫైళ్లే. వాటిని ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేస్తే 0457 అనే స్టాపు సంఖ్య 457 అయిపోతుంది, వేళల ఫైలుతో ఇక కలవదు. ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గానే దిగుమతి చేసుకోవాలి. 25:10:00 అని కనిపిస్తే దిద్దకండి. ముందు రోజు సర్వీసు రాత్రి 1:10కి వస్తుందని దానర్థం. 01:10 అని మారిస్తే ఆఖరి బస్సు కాస్తా ఆ రోజు మొదటి బస్సవుతుంది.

స్టాపులను క్యూజీఐఎస్‌లోకి తెచ్చేటప్పుడు ఎక్స్‌కు రేఖాంశం, వైకి అక్షాంశం ఇవ్వాలి. తిరగేస్తే హైదరాబాద్ స్టాపులు ఆర్కిటిక్‌లోని స్వాల్‌బార్డ్ దీవుల్లో తేలతాయి! తర్వాత ఆ స్టాపుల లేయర్‌ను డిగ్రీల్లో కొలిచే ఈపీఎస్‌జీ 4326 పద్ధతి నుంచి మీటర్లలో కొలిచే 32644కు మార్చాకే ఒక్కో స్టాపు చుట్టూ 400 మీటర్ల బఫర్, అంటే వృత్తం, గీయాలి. లేకుంటే సాఫ్ట్‌వేర్ దాన్ని 400 డిగ్రీలు అనుకుంటుంది.

అసలు చిక్కు ఆ వృత్తంతోనే. మూసీకి అవతలి ఒడ్డు, రైలు పట్టాల అవతలి వీధి కూడా అందులో పడిపోతాయి. అందుకే ఉచిత ఆన్‌లైన్ పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోని దారుల మీద నడక దూరం కొలవాలి. రోజుకు రెండే బస్సులొచ్చే స్టాపునూ నిమిషాల్లో బస్సు దొరికే స్టాపునూ ఒకే రంగులో చూపడం అన్యాయం. ఉదయం 7 నుంచి 9 దాకా ట్రిప్పులెన్నో స్టాపువారీగా లెక్కించాలి.

ఇలాంటి పటం అచ్చు వేసేటప్పుడు డేటా తేదీ, అది పనిదినానిదా ఆదివారానిదా అన్నది కింద తప్పక వేయమని పత్రికలను కోరుతున్నాం.

ఇట్లు,
రవాణా డేటాపై పనిచేసే పాఠకులు, హైదరాబాద్