2024–25 వార్షిక నివేదిక: సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి సమర్పించినది

గౌరవ సభ్యులకు నమస్కారం. సంఘం ఆశయాలు మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు.

ఈ ఏడాది గర్వంగా చెప్పుకోవాల్సింది, ఏప్రిల్ 24న షిఫ్టు దిగాక అచ్యుతాపురం కుట్టు కార్మికులకు, బట్టల బ్రాండ్లు ఫ్యాక్టరీలకు పెట్టే పని నియమాల (కోడ్‌ల) మీద పెట్టిన శిక్షణ. 2013లో అదే తేదీన ఢాకా దగ్గర సవార్‌లో కుట్టు ఫ్యాక్టరీలున్న రాణా ప్లాజా భవనం కూలి 1,134 మంది చనిపోయారు. ముందురోజే పగుళ్లు కనబడితే కింది బ్యాంకు మూసేశారు, పైన కుట్టు లైన్లు మాత్రం నడిపారు. అక్కడి ఫ్యాక్టరీల్లో కొన్నిటికి బయ్యర్ ఆడిట్లు (బట్టలు కొనే బ్రాండ్ల తరఫు తనిఖీలు) అయ్యాయి కూడా! ఆ ఆడిట్లలో చూసేది రిజిస్టర్లు, వయసు పత్రాలు, మంటలార్పే సిలిండర్లు. స్తంభాల బలం కాదు. కరాచీలోని అలీ ఎంటర్‌ప్రైజెస్ బట్టల ఫ్యాక్టరీకైతే, పని పరిస్థితులు సరిగా ఉన్నాయని చెప్పే ఎస్‌ఏ 8000 సర్టిఫికెట్ వచ్చిన కొద్ది వారాలకే, 2012 సెప్టెంబరులో, మంటల్లో 250 మందికి పైగా పోయారు.

కోడ్ అనేది బ్రాండ్ తనంతట తాను రాసుకునేది. రాణా ప్లాజా తర్వాత వచ్చిన బంగ్లాదేశ్ అకార్డ్ అయితే బ్రాండ్లు యూనియన్లతో కలిసి సంతకం పెట్టిన భద్రతా ఒప్పందం. మాట తప్పిన బ్రాండ్‌ను మధ్యవర్తి ముందుకు లాగవచ్చు, తనిఖీ నివేదికలు అందరూ చూడవచ్చు. శిక్షణలో ఎక్కువ ప్రశ్నలు దీనిమీదే వచ్చాయి.

ఓటీ (అదనపు గంటల) లెక్క బోర్డుమీద వేసి చూపించాం. జీతం నెలకు 13,000 అయితే 26 రోజులకు రోజుకు 500, ఎనిమిది గంటలకు గంటకు 62.50, ఓటీ రెట్టింపు కాబట్టి 125. చాలా కోడ్‌లు ఓటీతో కలిపి వారానికి 60 గంటలు దాటొద్దంటాయి. దాటిన గంటలు ఆడిటర్ కంట పడకుండా వేరే పుస్తకంలోకి వెళ్తాయి, డబ్బు ‘ఇన్సెంటివ్’ పేరుతో వస్తుంది, అదీ రెట్టింపు కాకుండా. అందుకే పే స్లిప్పు పక్కన సొంత గంటల చిట్టా పెట్టుకోమన్నాం. అత్యవసర ద్వారం బయటికి తెరుచుకోవాలి, షిఫ్టులో తాళం పడకూడదు. దారికడ్డంగా ఉన్న అట్టపెట్టెలు ఆడిట్ రోజున మాయమై మర్నాడు మళ్లీ చేరతాయి. ఫోన్లు లోపలికి రానివ్వరు కనుక తేదీ వేసి కాగితం మీదే రాసుకోవాలి.

హాలు ఇచ్చినవారికి, భోజనాలు చూసిన మహిళా సభ్యులకు, కోడ్‌లను తెలుగు చేసిన మిత్రులకు, కరపత్రాలు అచ్చువేసిన ప్రెస్సువారికి పేరుపేరునా కృతజ్ఞతలు. ఆహ్వానం అందుకున్న అధికారులు రాలేదు, కబురైనా పంపలేదు. పేర్లిచ్చిన వాలంటీర్లలో సగం మంది ఫోనెత్తలేదు. వాట్సాప్‌లో బొటనవేలు చూపిస్తే కుర్చీలు వాటంతటవే సర్దుకోవు.

జమాఖర్చుల పట్టిక వెనక పేజీలో ఉంది, ఆమోదించ ప్రార్థన. చందా బకాయిలున్నవారు ఈ సభలోనే కట్టండి.

రెండో విడత అనువాదానికి ప్రూఫులు చూసేవారు కావాలి. నిజంగా రాగలిగినవారే పేరివ్వండి.

కార్యదర్శి